బ్విండి అడవిలో కొండ గొరిల్లాల సందర్శన: అనుమతి పత్రానికి దరఖాస్తు విధానం

ఉగాండా నైరుతి మూల, కాంగో సరిహద్దును ఆనుకొని ఉన్న బ్విండి జాతీయోద్యానంలో కొండ గొరిల్లాలను చూడదలచినవారు విమానం టికెట్టు కొనడానికి ముందే ఉగాండా వన్యప్రాణి సంస్థ జారీ చేసే అనుమతి పత్రాన్ని ఖాయం చేసుకోవాలి. ప్రపంచంలోని కొండ గొరిల్లాల్లో దాదాపు సగం ఈ అడవిలోనే ఉన్నాయి. ఒక్కో గొరిల్లా కుటుంబం దగ్గరకు రోజుకు ఎనిమిది మందిని మాత్రమే, అదీ ఒక గంటసేపు మాత్రమే అనుమతిస్తారు. వానలు తగ్గే జూన్–ఆగస్టు, డిసెంబరు–ఫిబ్రవరి నెలల తేదీలకు గిరాకీ ఎక్కువ.

దరఖాస్తును సంస్థకు నేరుగా గానీ, గుర్తింపు పొందిన ట్రావెల్ ఏజెన్సీ ద్వారా గానీ పంపవచ్చు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. వయసు 15 ఏళ్లు నిండాలి. విదేశీ పర్యాటకులకు రుసుము 2024 జూలై నుంచి 800 అమెరికా డాలర్లు.

పత్రం చేతికి రాగానే తేదీతో పాటు ప్రాంతం పేరు కూడా చూసుకోవాలి. బుహోమా, రుహిజా, రుషాగా, న్కురింగో అనే నాలుగు ప్రాంతాల్లో ఏది రాసి ఉంటే ఉదయం అక్కడే హాజరు కావాలి. పటంలో పక్కపక్కనే కనిపించినా, ఉత్తరాన ఉన్న బుహోమాలో బస చేసి దక్షిణాన ఉన్న రుషాగాకు తెల్లవారాక బయలుదేరితే కొండదారిలో గంటలు పడుతుంది కనుక, బసను పత్రం చూశాకే మాట్లాడుకోవడం మేలు.

తర్వాత ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అక్కడిచ్చే పసుపు రంగు పుస్తకం ఆన్‌లైన్ వీసా దరఖాస్తుకూ, తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలోనూ కావాలి కాబట్టి, అందులోని పాస్‌పోర్టు నంబరును కౌంటరు దగ్గరే అంకె అంకె సరిచూసుకోండి.

సందర్శన రోజున అసలు పాస్‌పోర్టు వెంట ఉండాలి. జలుబు, దగ్గు ఉన్నవారిని లోపలికి పంపరు. మన శ్వాసకోశ వ్యాధులు గొరిల్లాలకు సోకి ప్రాణాంతకం కాగలవు గనుక ఒంట్లో బాగాలేకపోతే దాచకుండా చెప్పాలి. బురద వాలుల్లో సంచి మోసి, చేయందించే చుట్టుపక్కల ఊళ్లవారు బయలుదేరే చోటే దొరుకుతారు. వారికిచ్చే కూలి రుసుములో కలిసి ఉండదు, విడిగా నగదు ఉంచుకోవాలి.