మిషన్ ఆపాక పది నిమిషాలు

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ నదికి ఇవతల ఒడిశా, అవతల పాతపట్నం, ఆంధ్రా. రెండు వైపుల వాళ్ళూ నా దగ్గర జాకెట్లు కుట్టించుకుంటారు కాబట్టి తెలుగు ముహూర్తాలూ ఒడియా లగ్నాలూ కలిసి నా నెత్తినే పడతాయి. మూడేళ్ళ కిందట మాఘమాసంలో అలాగే ఒకేసారి పద్దెనిమిది జాకెట్లు ఒప్పేసుకున్నాను. రాత్రి పదకొండు దాటింది. సూదిలో దారం ఎక్కదు. కొస తడిపాను, కత్తిరించాను, లైటు కిందకి జరిగాను, చెయ్యి వణుకుతూనే ఉంది. చాప మీద పడుకున్న మా అత్తగారు కళ్ళు తెరవకుండానే, "ఏటే, సూదితో యుద్ధమేటి? ఊపిరొగ్గేసి ఎక్కించు" అన్నారు. మెల్లగా వదిలాను. మొత్తం వదిలేశాక, మళ్ళీ పీల్చేలోపు ఒక్క క్షణం చెయ్యి కదల్లేదు. దారం ఎక్కింది.

ఆ వారమే బీపీ 150 దాటిందని డాక్టరు మాత్ర రాశారు. టెన్షన్ తగ్గించుకోమన్నారు, ఎలాగో మాత్రం చీటీలో రాయలేదు. తంటాలు పడి నేను నేర్చుకున్న ధ్యానం ఇక్కడ రాస్తున్నాను. నేను గురువుని కాను. రోజుకి పది నిమిషాలకి మించి దొరకని మనిషిని. మీకూ అంతే దొరికితే ఇది పనికొస్తుంది.

మొదట ఒక ధ్యాన శిబిరానికి వెళ్ళాను. వెళ్ళిన రోజే పద్మాసనం వేయించి, అరగంట కదలొద్దన్నారు, ఆలోచనలు రానివ్వొద్దన్నారు. అరగంటా నాకు మోకాళ్ళూ, కుట్టాల్సిన హుక్సులూ తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. మూడు రోజులు కుంటుకుంటూ నడిచి, ఇది మనవల్ల కాదని మానేశాను. అక్కడ చెప్పిన రెండు మాటలూ నాకు సరిపడలేదని తర్వాత తెలిసింది. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నవి మూడే సూత్రాలు. మొదటిది "స్థిరసుఖమాసనం". కదలకుండా, హాయిగా కూర్చోగలిగితే చాలు, కాళ్ళు ఎలా మడవాలో అందులో లేదు. ఆలోచనల సంగతికొస్తే, గీత ఆరో అధ్యాయంలో అర్జునుడే ఈ మనసుని పట్టుకోవడం గాలిని పట్టుకున్నంత కష్టమంటాడు. కృష్ణుడు కాదనడు. కష్టమే, అభ్యాసంతో, వైరాగ్యంతో చిక్కుతుంది అంటాడు. అర్జునుడికే అంత కష్టమైనప్పుడు పద్దెనిమిది జాకెట్లున్న నేనెంత!

కూర్చోవడం ఇలా. పాత నూలు చీర ఒకటి ఎనిమిది మడతలు పెట్టి పిరుదుల కింద వేసుకోండి. మోకాళ్ళు తుంటి కన్నా కిందకి దిగుతాయి, నడుము దానంతట అదే నిటారవుతుంది. నేల మీద కుదరకపోతే కుర్చీ మంచిది, పాదాలు రెండూ నేలకి ఆనాలి, అందకపోతే కింద పీట వేసుకోండి. గోడకి ఆనుకున్నా తప్పు లేదు గానీ తల ఆనించకండి, నిద్ర వచ్చేస్తుంది. తిన్న వెంటనే వద్దు. టైము ఏదైనా, రోజూ చేసే ఒక పనికి దాన్ని ముడివేయండి. నేను సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పగానే కూర్చుంటాను. గుడ్డ కప్పడం మర్చిపోను కాబట్టి కూర్చోవడమూ మర్చిపోను. ఫోనులో పది నిమిషాలకి అలారం పెట్టి బోర్లించేయండి, లేకపోతే ఎంతసేపయిందో అని మాటిమాటికీ చూస్తారు.

మొదటి ఐదు నిమిషాలు ఊపిరి. దీన్ని పాళీలో ఆనాపానసతి అంటారు, బౌద్ధుల పద్ధతి. ముక్కుతోనే పీల్చి ముక్కుతోనే వదలండి, పొడుగు చెయ్యాలని చూడకండి. ముక్కు పుటాల అంచున, పైపెదవికి కాస్త మీద, లోపలికి వెళ్ళేది చల్లగా, బయటికొచ్చేది కొంచెం వెచ్చగా తగులుతుంది. అక్కడే కాపలా కూర్చోండి. వదిలిన ప్రతిసారీ ఒక అంకె, పది దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటి. మధ్యలో కరెంటు బిల్లు గుర్తొచ్చి లెక్క తప్పుతుంది. తప్పిందని తెలియగానే తిట్టుకోకుండా ఒకటి దగ్గర మొదలుపెట్టండి. చంక కుట్టు వంకరపోతే జాకెట్టు చించం కదా, ఆ నాలుగంగుళాలు విప్పి మళ్ళీ కుడతాం. మొదటి నెలంతా నేను నాలుగు దాటలేదు.

తర్వాత ఐదు నిమిషాలు జపం. నాకు దీంతోనే ఎక్కువ మేలు జరిగింది, చేతికి పని ఉంటుంది కాబట్టి కాబోలు. పక్కింటి ఒడియా మావుసి కార్తీకమాసంలో తులసిమాల తిప్పుతారు. మాల పెట్టుకునే గోముఖి సంచి నేనే కుట్టిచ్చాను. దానికి పక్కన గుండీ కాజా లాంటి చిన్న కంత ఉండాలి, చూపుడు వేలు అందులోంచి బయటికొస్తుంది, ఎందుకంటే ఆ వేలు మాలకి తగలకూడదంటారు. మధ్య వేలి మీద మాల వేసుకుని బొటనవేలితో ఒక్కో పూస లాగాలి. 108 పూసలయ్యాక మాల రెండు కొసలూ కలిసే చోట మేరుపూస వస్తుంది. దాన్ని దాటరు, మాల వెనక్కి తిప్పి మళ్ళీ వస్తారు.

మా అత్తగారికి మాల లేదు, కరమాలే, అంటే వేళ్ళ కణుపులే పూసలు. నాకు నేర్పిందీ అదే. కుడి అరచెయ్యి మీ వైపు తిప్పుకోండి. మేరువూ గీరువూ అన్నీ ఆ వేళ్ళ కణుపుల మీదే ఉన్నాయి. బొటనవేలితో ఉంగరం వేలి నడిమి కణుపు ముట్టుకుంటే ఒకటి, దాని కింద కణుపు రెండు. చిటికెన వేలి కింద, నడిమి, పై కణుపులు మూడు, నాలుగు, అయిదు. ఉంగరం వేలి పై కణుపు ఆరు, మధ్య వేలి పై కణుపు ఏడు. ఇక చూపుడు వేలు దిగి రావాలి, పై కణుపు ఎనిమిది, నడిమిది తొమ్మిది, కిందది పది. మధ్య వేలిలో మిగిలిపోయిన రెండు కణుపులే మేరువు, వాటిని ముట్టరు. పదయిన ప్రతిసారీ ఎడమచేతి వేళ్ళ మీద ఒకటి గుర్తుపెట్టుకోండి. పది పదులయ్యాక ఇంకో ఎనిమిది, మొత్తం 108. రెండు రోజులు వేళ్ళు చిక్కుపడతాయి, మూడో రోజుకి వాటంతట అవే నడుస్తాయి.

ఏ నామమైనా సరే. మా అత్తగారు "శ్రీరామ" అనుకుంటారు, నేను "ఓం నమశ్శివాయ" అనుకుంటాను. చిన్న నామమైతే ఊపిరితో సులువుగా కలుస్తుంది. జపం మూడు రకాలు: పైకి వినపడేలా అనేది వాచికం, పెదవులు మాత్రమే కదిలేది ఉపాంశువు, లోపలే అనుకునేది మానసికం. పెద్దలు మానసికాన్నే గొప్పదంటారు. కొత్తవాళ్ళు మాత్రం పైకి అనడంతో మొదలుపెట్టండి. నేను గొప్పకి పోయి మానసికంతో మొదలుపెట్టి నామం కాస్తా నాలుగోసారికే కొలతల్లో కలిపేశాను, "ఓం నమశ్శివాయ, ఛాతీ ముప్పై ఆరు".

నిద్ర పట్టని రాత్రి భ్రామరి పనికొస్తుంది. పెదవులు మూసి, పళ్ళు మాత్రం కొంచెం ఎడంగా ఉంచి, బొటనవేళ్ళతో చెవి తమ్మెకి పైనున్న చిన్న బుడిపెని లోపలికి మెల్లగా నొక్కితే చెవి మూసుకుంటుంది. ముక్కుతో పీల్చి, వదిలేటప్పుడు గొంతులోంచి తుమ్మెదలా "మ్..." అనాలి. పుర్రె అంతా గుయ్యిమంటుంది. ఐదారుసార్లు చాలు. మా వారు మొదటిరోజు ఫ్రిజ్ పాడైందనుకుని లేచారు.

నాడీశోధన కూడా తేలికే: బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమతో పీల్చాలి, ఉంగరం వేలితో ఎడమ మూసి కుడితో వదలాలి, కుడితోనే పీల్చి ఎడమతో వదిలితే ఒక చుట్టు. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టే కుంభకం జోలికి వెళ్ళకండి. దీపం వైపు రెప్పవాల్చకుండా చూసే త్రాటకం నేను వారం చేసి ఆపేశాను. పగలంతా సూది చూసిన కళ్ళు మండిపోయాయి. గ్లకోమా, మూర్ఛ ఉన్నవాళ్ళు అసలు వద్దు.

చోటు కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. ఒక శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కాను, 1501 మీటర్ల కొండ, పరశురాముడు తపస్సు చేశాడంటారు. చలికి పళ్ళు కొట్టుకున్నాయి, చుట్టూ జనం, నా దృష్టంతా పోయిన చెప్పుల మీదే. ఇంట్లో మిషన్ పక్కన కుదిరింది అక్కడ కుదరలేదు.

రెండు జాగ్రత్తలు. బీపీ మాత్ర సొంతంగా ఆపకండి. నాకు కాస్త తగ్గినా డాక్టరు మోతాదు మార్చేదాకా అదే వేసుకున్నాను. కళ్ళు మూసుకుంటే భయం పెరుగుతుంటే, పాత దుఃఖం తన్నుకొస్తుంటే, పట్టుబట్టి కూర్చోవద్దు. కళ్ళు తెరిచి లేచి నడవండి, డాక్టరుకి చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్ళు ఉచితంగా మాట్లాడతారు.

అలారం మోగాక గభాల్న లేవకండి, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. అరచేతులు రుద్దుకుని కళ్ళ మీద పెట్టుకోండి, కాళ్ళు చాపి పాదాలు నాలుగుసార్లు ఆడించండి. నేను ఆ సమయంలోనే మర్నాటి దారాలు బాబిన్‌కి చుట్టి పెట్టుకుంటాను.