తలకు దెబ్బ తగిలిన తల్లిదండ్రులకు దివ్యాంగుల కార్డు: దరఖాస్తు ఎలా?

పరకాల దగ్గర మా ఊళ్లో అరుగు మీద నుంచి జారిపడిన రోజున బాపు (మా నాన్న) తానే లేచి టీ తాగాడు. మూడు వారాలకు చొక్కా గుండీలు పెట్టుకోవడం మరిచిపోయాడు, కోడలిని చెల్లెలి పేరుతో పిలిచాడు. వయసు మీద పడిందిలే అనుకున్నాం. అదే మా తప్పు. పెద్దవాళ్లలో చిన్న దెబ్బకే పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత బయటపడవచ్చు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకునేవారికి ముప్పు మరీ ఎక్కువ. మాట తడబడినా, ఒక పక్క చేయి బలం తగ్గినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ముందు సీటీ స్కాన్, కాగితాలు తర్వాత. ఆరోగ్యశ్రీలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు చికిత్స ఉంది, వివరాలకు 104.

తెలంగాణలో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ స్థానంలో 2025 నుంచి యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు ఇస్తున్నారు. స్వావలంబన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు, చేతకాకపోతే మీసేవకు వెళ్లండి. ఆధార్, ఫోటో, చిరునామా రుజువు, డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టు దగ్గర పెట్టుకోండి. ఫోన్ నంబరు మాత్రం ఎప్పుడూ చేతిలో ఫోను ఉండేవారిదే ఇవ్వండి. వైకల్యాన్ని కొలిచే డాక్టరు పరీక్ష తేదీ సందేశం దానికే వస్తుంది, పెద్దాయన డబ్బా ఫోనులో అది ఎవరి కంటా పడదు.

ఫారంలో చాలామంది తికమకపడేది వైకల్యం రకం దగ్గరే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, కానీ 'మెదడు గాయం' అనే పేరు వాటిలో లేదు. దెబ్బను కాదు, అది మిగిల్చిన లోటును చూసి ఎంచుకోవాలి. కాలు చేయి ఆడకపోతే చలన వైకల్యం, మాట పోతే వాక్కు, భాషా వైకల్యం, జ్ఞాపకం, ఆలోచన బాగా చెదిరితే మానసిక అనారోగ్యం. ఏది రాయాలో చికిత్స చేసిన డాక్టరునే అడగండి. నాడీ సంబంధమైన లోటును జబ్బు మొదలైన ఆరు నెలల తర్వాతే కొలుస్తారు, కాబట్టి మొదటి నెలలోనే పరుగెత్తి లాభం లేదు.

ఆ ఆరు నెలలూ ఒక నోటుబుక్కు రాయండి. ఏ తేదీన దారి తప్పాడు, ఎన్నిసార్లు పడ్డాడు, స్నానానికి ఎవరు తోడు వెళ్లారు, అన్నీ. ఎందుకంటే డాక్టరు ముందు కూర్చోగానే బాపు నిటారుగా అయ్యి, "నాకేం కాలేదు సార్, నా పని నేనే చేసుకుంటా" అన్నాడు. మా అన్న ఆ నోటుబుక్కు తెరిచి చూపించకపోతే ఆ మాటే రికార్డుకెక్కేది.

పరీక్షలో వైకల్యం 40 శాతం, ఆపైన వస్తేనే చాలా పథకాలు వర్తిస్తాయి. 40 నుంచి 80 లోపు పసుపు కార్డు, 80 నుంచి నీలం, 40 లోపు తెలుపు. శాతం తప్పనిపిస్తే 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

కార్డు వచ్చిందని పింఛను దానంతటదే రాదు. పల్లెలో ఎంపీడీఓ కార్యాలయంలో, పట్నంలో మున్సిపాలిటీలో విడిగా అడగాలి. వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలు, దివ్యాంగులది 4,016 రూపాయలు, రెండూ కలిపి ఇవ్వరు. బ్యాంకు, భూమి కాగితాల మీద సంతకం చేయలేని స్థితి ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సలహా దొరుకుతుంది, ఫోను 15100. వృద్ధుల సహాయవాణి 14567.