పక్షవాతం వచ్చినవాళ్లను మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చడం ఎలా

మన ఇళ్లలో అలవాటేంటంటే, ఒకరు చంకల్లో చేతులు వేసి, ఇంకొకరు కాళ్లు పట్టుకుని, అమాంతం ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేయడం. దాంతో వారం తిరక్కుండా చూసుకునేవాళ్ల నడుము పట్టేస్తుంది. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్య భద్రతను చూసే నియోష్ సంస్థ లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి రోగి బరువును 35 పౌండ్లకు, అంటే దాదాపు 16 కిలోలకు మించి చేతులతో మోయకూడదు. 60 కిలోల నాన్నగారిని ఇద్దరు పంచుకున్నా తలా 30. అందుకే మోసే ఆలోచన మానేసి, ఆయన బరువు ఆయన కాలి మీదే పడేలా చూడాలి.

ఇది ఒక కాలైనా ఆనించగలిగి, చెప్పింది అర్థం చేసుకునేవాళ్లకు. కాలు అసలు నిలవనివాళ్లకు ఈ పద్ధతి వద్దు. మొదటిసారి మాత్రం ఫిజియోథెరపిస్ట్ దగ్గరుండి చేయిస్తే మంచిది.

కుర్చీని ఆయనకు బాగున్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా ఆనించి పెట్టండి. రెండు బ్రేకులూ వేసి, ఫుట్‌రెస్టులు పైకి మడవండి, యూరిన్ బ్యాగ్ ఉంటే ట్యూబు లాగుడు పడకుండా ముందే సర్దుకోండి. నవారు మంచం మీంచి మాత్రం లేపడం కష్టం, ఒళ్లు గుంటలోకి దిగిపోతుంది. నూనె మర్దనా చేసిన వెంటనే కూడా వద్దు, మీ చేతులూ ఆయన పాదాలూ రెండూ జారతాయి.

ఆయన్ని పక్కకి ఒత్తిగిల్లించి, మోకాళ్లు మడిచి, కాళ్లు మంచం దిగువకి జారుస్తూ భుజం వెనక చెయ్యి వేసి లేపితే ఆ కాళ్ల బరువే ఒంటిని పైకి తెస్తుంది. కూర్చోగానే లేపకండి. ఒకటి రెండు నిమిషాలు ఆగి కళ్లు తిరుగుతున్నాయా అని అడగండి, చాలా రోజులు పడుకున్నవాళ్లకి ఒక్కసారి లేస్తే బీపీ పడిపోతుంది.

ఇప్పుడు అసలు పని. అంచుకి జరిపి, పాదాలు నేలకి ఆనించి, మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి ఉంచండి. మీ మోకాలు ఆయన బలహీనమైన మోకాలికి అడ్డం పెట్టండి, లేచేటప్పుడు మడతపడేది అదే. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టి మాత్రం ఎప్పుడూ లాగొద్దు, ఆ భుజాన్ని పట్టి ఉంచే కండరాలు వదులైపోయి ఉంటాయి కాబట్టి కీలు ఇట్టే జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. ఆయన మీ మెడ పట్టుకోబోతారు, అదీ వద్దనండి. "నాన్నా, ముందుకి వంగు, ముక్కు కాలివేళ్ల మీదకి రావాలి" అని చెప్పి, మీరు మోకాళ్లు వంచి, ఆయనతో పాటే లేవండి. తిరిగేటప్పుడు నడుము మెలిపెట్టకుండా చిన్న చిన్న అడుగులు వేయండి. కుర్చీ అంచు ఆయన తొడల వెనక తగిలాకే, మెల్లగా కూర్చోబెట్టండి.

మధ్యలో కాళ్లు వదిలేస్తే ఆపాలని బిగబట్టకండి, ఇద్దరూ పడతారు. తల తగలకుండా చూసుకుంటూ మీ కాలి మీదుగా నేలకి జారనివ్వండి. తుంటి నొప్పి అన్నా, ఒక కాలు పొట్టిగా బయటకి తిరిగినట్టు కనిపించినా లేపే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి.