గోడ మీద బూజు: మచ్చ ఎక్కడుందో చూస్తే నీళ్ళు ఎక్కడివో తెలుస్తుంది

బూజు (ఫంగస్) విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఆపలేం. చెమ్మ దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే మొలకెత్తుతాయి. అందుకే పుట్టీ పెట్టి రెండు కోట్లు రంగు కొట్టించిన గోడ మీద మళ్ళీ వానాకాలానికి అదే చోట అదే మచ్చ వస్తుంది. పెయింటర్‌ని పిలిచే ముందు నీళ్ళ దారి కనిపెట్టాలి.

బీరువా వెనక, గది మూలల్లో నల్లటి చుక్కలు

కారణం: చాలావరకు లీకేజీ కాదు. చల్లటి నీళ్ళ గ్లాసుకి చెమట పట్టినట్టు, గదిలోని ఆవిరి గాలి ఆడని చల్లటి గోడ మీద చేరుతుంది. వానల్లో బెడ్‌రూమ్‌లో బట్టలు ఆరేసే ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ.

ఖాయం చేసుకోవాలంటే ఒక పాలిథీన్ ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. గది వైపు తడి చేరితే అది ఇంట్లోని ఆవిరే. గోడ వైపు చేరితే చెమ్మ గోడలోంచి వస్తోంది, కింది భాగాలు చదవండి.

పరిష్కారం: బీరువాని గోడకి నాలుగు వేళ్ళ దూరం జరపండి. వంట, స్నానం అయ్యాక కూడా ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు తిరగనివ్వండి. కిటికీలు తీయమని అందరూ చెప్తారు కానీ, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ముసురు రోజున కిటికీ తీస్తే బయటి తేమే లోపలికొస్తుంది. ఆ రోజుల్లో ఫ్యాను, ఏసీ ఉంటే డ్రై మోడ్ నయం. తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి కొనుక్కుంటే మంచిది, 60 శాతం దాటకుండా చూసుకోవాలి.

నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా పొక్కులు, తెల్లటి పొడి

ఆ పొడి బూజు కాకపోవచ్చు. కొంచెం గీరి నీళ్ళలో వేయండి. కరిగిపోతే ఉప్పు. నేలలోని నీరు ఇటుకల గుండా పైకి పాకి, ఆరిపోతూ ఉప్పుని వదిలేస్తుంది.

కారణం: పునాది మీద చెమ్మని ఆపే పొర వేయకపోవడం, లేదా అది పాడవడం. మన ఊళ్ళలో ఇంకోటి ఉంది. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది, ఇల్లు మాత్రం పాత ఎత్తులోనే ఉంటుంది. వీధి మట్టి ప్లింత్‌ని (ఇంటి నేల కింద కట్టిన పునాది దిమ్మెని) దాటాక వాననీళ్ళు గోడకే తగులుతూ నిలుస్తాయి.

పరిష్కారం: బయట గోడ చుట్టూ మట్టి తీసి, నీళ్ళు ఇంటికి దూరంగా పోయేలా వాలు పెట్టించండి. ఉప్పు పట్టిన ప్లాస్టర్‌ని మచ్చకి ఇంకో అడుగు పైదాకా కొట్టించి, గోడ ఆరాకే కొత్తది పూయాలి. గోడ అడుగున రంధ్రాలు వేసి కెమికల్ ఎక్కించే పద్ధతి కూడా ఉంది, అది తెలిసిన మేస్త్రీ చేతే చేయించాలి. ఆ మచ్చ కనపడకుండా లోపలివైపు టైల్స్ అంటించమని సలహా ఇస్తే మాత్రం ఒప్పుకోకండి, చెమ్మ టైల్స్ దాటి ఇంకా పైకి ఎక్కుతుంది.

సీలింగ్‌లో మచ్చ

వాన పడ్డప్పుడే పెరుగుతుంటే డాబా మీద లోపం: పగుళ్ళు, పిట్టగోడ అంచు, మూసుకుపోయిన వాననీటి గొట్టం. ఎండాకాలంలోనూ తడిగా ఉంటే పైవాళ్ళ బాత్‌రూమ్‌ని అనుమానించాలి. ముఖ్యంగా నహానీ ట్రాప్ (నేల మీద నీళ్ళు పోయే జాలీ) చుట్టూ, టైల్స్ సందుల్లో చూడాలి. రెండు మూడు రోజులు ఆ బాత్‌రూమ్ వాడకుండా ఉండమని పైవాళ్ళని అడగండి. అపార్ట్‌మెంట్‌లో ఇది రిపేరు కన్నా కష్టమైన పని, అయినా తప్పదు. మచ్చ ఆరడం మొదలైతే కారణం తేలినట్టే.

మచ్చ లేదు, ముక్క వాసన మాత్రం ఉంది

ఏసీ ఫిల్టర్, డ్రెయిన్ పైపు, సింకు కింది ప్లైవుడ్ చూడండి.

తుడిచేటప్పుడు

మూడడుగుల చదరం లోపు మచ్చ అయితే మీరే చేసుకోవచ్చు. ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకోండి. ఆస్తమా ఉన్నవాళ్ళని, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. పొడి చీపురుతో దులిపితే ఇల్లంతా పరుచుకుంటుంది కాబట్టి ముందు సబ్బునీళ్ళతో తడిపి, అప్పుడు రుద్ది తుడవాలి. టైల్స్ మీద బ్లీచ్ పనిచేస్తుంది. ప్లాస్టర్‌లోకి, ప్లైవుడ్‌లోకి దిగిన బూజుని అది అందుకోలేదు, పైపైన తెల్లబరుస్తుందంతే. బ్లీచ్‌ని బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడదు. బూజు లోపలిదాకా పట్టిన దూది పరుపుని పారేయడమే.

ఇక రంగు సంగతి. దసరాకో దీపావళికో వేయించాలని తొందరపడతాం. అప్పటికి గోడలు వానకి తడిసి ఉంటాయి, కోస్తాలో అయితే తుఫాను వానలు ఇంకా మిగిలే ఉంటాయి. సంక్రాంతి దాకా ఆగండి. పాలిథీన్ ముక్కని ఇంకోసారి అంటించి, గోడ వైపు పొడిగా ఉంటేనే పెయింటర్‌కి ఫోన్ చేయండి.