బుడితి చెంబుకి పాత రంగు మళ్ళీ ఎలా తెచ్చానంటే

మా అమ్మమ్మ వాళ్ళ బుడితి (శ్రీకాకుళం జిల్లాలో ఇత్తడి పనికి పేరున్న ఊరు) ఇత్తడి పూలచెంబు, గోధుమరంగు తిరిగి ఎంత బావుండేదో, శ్రీకాకుళంలో ఒక షాపులో సొట్ట తీయమని ఇస్తే అడక్కుండా బఫింగ్ (మెషీన్ మీద మెరుగు) కొట్టేసి పైన లక్కర్ (వార్నిష్ లాంటి పారదర్శక పూత) కూడా వేసి ఇచ్చారు, బంగారంలా మెరుస్తోంది గానీ నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

మొదట ఉప్పు, వెనిగర్ రాసి చూశా, మచ్చలు మచ్చలుగా వచ్చింది. తప్పు లక్కర్‌ది, అది ఉంటే ఏదీ లోహానికి తగలదు. అసిటోన్‌తో మొత్తం తుడిచి, సబ్బుతో కడిగి, ఆ తర్వాత వేలిముద్ర కూడా పడకుండా గ్లౌజులతోనే పట్టుకున్నా.

మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్ అడుగున చిన్న గిన్నెలో అమ్మోనియా పోసి, దానికి తగలకుండా చెంబుని దారంతో వేలాడదీసి మూత పెట్టేశా. ఇదంతా డాబా మీదే, ఆ ఘాటు కళ్ళకి, ఊపిరికి మంచిది కాదు, బ్లీచింగ్ దగ్గరికే రానివ్వకండి. గంటగంటకీ చూస్తుంటే ముందు తేనెరంగు, సాయంత్రానికి మెడ దగ్గర గీతల్లో ముదురు గోధుమ. ఉప్పునీళ్ళు చిలకరిస్తే నీలం పచ్చ వస్తుంది, నాకది వద్దు.

అమ్మ చూసి "ఏట్రా, మళ్ళీ నల్లగా చేసీసినావు" అంది, కానీ చేత్తో నిమిరి అక్కడే కూర్చుంది.

ఆరాక తేనెమైనం పల్చగా రుద్దా. తినే, తాగే పాత్రలకి ఈ అమ్మోనియా పద్ధతి వద్దు. పల్చటి రేకు సామాన్లు అమ్మోనియాలో ఎక్కువసేపు ఉంచినా పగుళ్ళొస్తాయి.