‘లైక్ వాటర్ ఫర్ చాకొలెట్’ నవలను ఎలా చదవాలి?

“కన్నీళ్లు వంటింట్లో వరదలా పారడమేంటి? అవి ఎండాక మిగిలిన ఉప్పును ఊడ్చి సంచికెత్తుకోవడమేంటి?” అంటూ ఈ నవలను మొదట్లోనే పక్కన పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. చాలా మంచి పుస్తకం చేజార్చుకున్నారే అని బాధేస్తుంది. మెక్సికో రచయిత్రి లారా ఎస్కివెల్ దీన్ని 1989లో స్పానిష్‌లో ప్రచురించారు. మ్యాజిక్ రియలిజం, అంటే మామూలు జీవితం మధ్యలో జరగని వింతలను కూడా మామూలుగానే చెప్పే కథన పద్ధతి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ముందుగా చెప్పేది దీని పేరే.

మొదట ఆ ఇంటి కట్టుబాటును అర్థం చేసుకోండి. కథ జరిగేది అమెరికాలోని టెక్సస్ సరిహద్దులో ఉన్న మెక్సికో ఊరు పియెద్రస్ నెగ్రస్ దగ్గర ఒక పశువుల కమతంలో, మెక్సికో విప్లవం నాటి రోజుల్లో. ఆ కుటుంబంలో ఆఖరి కూతురు పెళ్లి చేసుకోకూడదు, తల్లి బతికున్నంతకాలం ఆమెకు సేవ చేయాలి. ఆఖరి కూతురు టీటా. ఆమెను ప్రేమించిన పేద్రో పిల్లనివ్వమని అడిగితే, తల్లి ఎలేనా టీటా అక్క రొసౌరాను ఇస్తానంటుంది. టీటాకు దగ్గరగా ఉండొచ్చని పేద్రో ఒప్పుకుంటాడు! అతని మీద నాకు ఇప్పటికీ కోపమే. పేద్రోను ఆదర్శ ప్రేమికుడిగా చూడాల్సిన పనిలేదు, టీటా వైపు నిలబడి చదవండి.

తర్వాత, రోజుకు ఒక్క అధ్యాయమే పెట్టుకోండి. మొత్తం పన్నెండు, జనవరి నుంచి డిసెంబరు దాకా, ఒక్కోదానికి ఒక్కో వంట. నెలలు వరుసగా ఉన్నాయని అంతా ఒకే ఏడాదిలో జరిగిందనుకోకండి, మధ్యలో ఏళ్లు గడిచిపోతాయి. వంట వివరాలు వచ్చినప్పుడు పేజీలు తిప్పేయొద్దు, కథ వాటిలోనే నడుస్తుంది. జూన్ దగ్గర కాస్త ఆగండి. అక్కడ తిండి లేదు, అగ్గిపుల్లల మందు తయారుచేసే పద్ధతి ఉంది. టీటా వంటింటికీ, మాటకూ కూడా దూరమైన రోజులవి.

ఇక అసలు సంగతి, మాయ. అది కనిపించినప్పుడు “ఇదెలా సాధ్యం?” అని ఆగిపోకుండా, “ఇక్కడ ఏ మాట నోటితో చెప్పనివ్వలేదు?” అని అడగండి. అక్క పెళ్లి కేకును టీటాయే చేయాలి, ఏడవకూడదు. ఆమె కన్నీళ్లు పిండిలో పడతాయి. ఆ కేకు తిన్న చుట్టాలంతా తమ పాత ప్రేమలు గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడుస్తారు, తర్వాత వాంతులు చేసుకుంటారు. ఇంకోసారి పేద్రో గులాబీలిస్తాడు. పారేయమంటుంది తల్లి. టీటా ఆ రేకులతో కౌజు పిట్టల కూర వండుతుంది. అది తిన్న ఇంకో అక్క హెర్త్రూదిస్ ఒంట్లో పుట్టిన వేడికి చెక్కల స్నానాల గది అంటుకుంటుంది! ఆ పరిమళం పట్టుకుని విప్లవ సైనికుడొకడు గుర్రమెక్కి వచ్చి ఆమెను తీసుకుపోతాడు. ఇవన్నీ రచయిత్రి కూరలో ఉప్పు వేయమన్నంత మామూలుగా చెబుతుంది. ఆ గొంతును నమ్మితే చాలు. మనసు బాగోలేనప్పుడు వండితే కూర రుచి మారుతుందని మన ఇళ్లలోనూ అంటారు, ఆమెది అమృతహస్తం అంటాం. ఎస్కివెల్ ఆ నమ్మకాన్ని అక్షరాలా నిజం చేసింది.

పేరు సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది. మెక్సికోలో మరిగే నీళ్లలో చాకొలెట్ కలుపుకుని తాగుతారు. లోపల ఉడికిపోతున్న మనిషిని ఆ నీళ్లతో పోలుస్తారు. టీటా ఆ స్థితికి ఎప్పుడు వస్తుందో గమనించండి.

1992లో వచ్చిన సినిమా బాగుంటుంది గానీ, పుస్తకం పూర్తయ్యాకే చూడండి.

చివరిగా ఒక్క పని. ప్రతి మనిషీ లోపల ఒక అగ్గిపెట్టెతో పుడతాడనీ, ఆ పుల్లలను తనంతట తాను వెలిగించుకోలేడనీ, టీటాకు వైద్యం చేసే డాక్టర్ జాన్ చెప్పే పేజీ జూన్‌లో వస్తుంది. పుల్లలన్నీ ఒకేసారి అంటుకుంటే ఏమవుతుందో కూడా అక్కడే చెబుతాడు. ఆ పేజీకి గుర్తు పెట్టుకోండి, డిసెంబరు చదివేటప్పుడు మళ్లీ తెరవాలి.