విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ ఒకే లాగిన్ పెట్టడం ఎలా

మీ దగ్గర యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు అకౌంట్లు, కంప్యూటర్లు అన్నిటినీ ఒకేచోట చూసుకునే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ, అలా కలిపిన గుంపే డొమైన్) ఇప్పటికే నడుస్తుంటే, ఇందుకోసం కొత్త లాగిన్ సిస్టమ్ ఏదీ కొనక్కర్లేదు. దాని లోపల లాగిన్ పని చేసేది కెర్బెరోస్ అనే పద్ధతి, అది మూడు సిస్టమ్‌లకూ వచ్చు. లాగిన్ అవగానే సర్వర్ ఒక టికెట్ ఇస్తుంది, మామూలుగా 10 గంటలు చెల్లుతుంది, ఆ తర్వాత ఫైల్ షేర్ అయినా లోపలి వెబ్‌సైట్ అయినా పాస్‌వర్డ్ అడగకుండా ఆ టికెట్ ఆధారంగానే లోపలికి రానిస్తుంది.

మెషీన్లను ముట్టుకునే ముందు టైమ్, డీఎన్ఎస్ (పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చేది) చూడండి. నిజంగా చెప్తున్నా, సగం తలనొప్పులు ఇక్కడే పుడతాయి. గడియారాల్లో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే కెర్బెరోస్ ఒప్పుకోదు, కాబట్టి అన్నీ డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీ నడిచే సర్వర్) టైమే తీసుకోవాలి (లినక్స్‌లో టైమ్ సరిచేసే క్రోనీ, chrony, చాలు). డీఎన్ఎస్ కూడా డొమైన్‌దే ఉండాలి. రెండోదిగా బయటి డీఎన్ఎస్ పెట్టారంటే ఒకసారి లాగిన్ అవుతుంది, ఒకసారి అవదు, కారణం వెతకలేక చస్తారు.

విండోస్‌ను డొమైన్‌లో చేర్చేస్తే అయిపోయింది.

లినక్స్‌లో రియల్మ్‌డీ (realmd, డొమైన్‌లో చేర్చేది), ఎస్ఎస్ఎస్‌డీ (sssd, డొమైన్ అకౌంట్లతో లాగిన్ చేయించేది) వేసుకుని ముందు రియల్మ్ డిస్కవర్ (realm discover) కొట్టండి, డొమైన్ కనిపిస్తేనే రియల్మ్ జాయిన్ (realm join) చేయండి. మొదటిసారి లాగిన్‌లో హోమ్ ఫోల్డర్ దానంతట అదే తయారయ్యేలా పామ్‌లో (PAM, లినక్స్ లాగిన్ సెట్టింగ్‌లు ఉండేచోటు) సెట్ చేయాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. రియల్మ్ పర్మిట్‌తో (realm permit) ఏ గ్రూప్ వాళ్లు లాగిన్ కావచ్చో కూడా చెప్పండి, లేకపోతే డొమైన్‌లో అకౌంట్ ఉన్న ప్రతి ఒక్కరూ ఆ మెషీన్‌లోకి వచ్చేయొచ్చు. ల్యాప్‌టాప్ అయితే ముందు నెట్‌వర్క్‌తో లాగిన్ అయ్యాక, నెట్‌వర్క్ తీసేసి ఒకసారి లాగిన్ అయి చూడండి, ఆఫీసు బయట కూడా పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. ప్రతి మెషీన్‌లో డొమైన్‌తో సంబంధం లేని ఒక లోకల్ అడ్మిన్ అకౌంట్ మాత్రం ఉంచండి.

మ్యాక్‌ను పాత పద్ధతిలో డొమైన్‌కు బైండ్ చేయొద్దంటాను (అంటే మెషీన్‌నే డొమైన్‌లో చేర్చేయొద్దు). లోకల్ అకౌంట్ అలాగే ఉంచి, మ్యాక్‌ఓఎస్ కాటలీనా నుంచి వచ్చిన కెర్బెరోస్ ఎస్ఎస్ఓ (ఒకే లాగిన్) ఎక్స్‌టెన్షన్‌ను ఎండీఎం (మెషీన్లకు దూరం నుంచి సెట్టింగ్‌లు పంపే సాధనం) ప్రొఫైల్ ద్వారా పంపండి, అది టికెట్ తెస్తుంది, పాస్‌వర్డ్ కూడా సింక్ చేయగలదు.

బ్రౌజర్లకు ఏ సైట్‌లను నమ్మాలో విడిగా చెప్పాలి. సైట్‌ను పేరుతోనే తెరవండి, ఐపీ అడ్రస్ కొడితే మామూలుగా కెర్బెరోస్ పనిచేయదు.

చివరగా చేతిలో ఉన్న టికెట్లు చూపించే కెలిస్ట్ (klist) కమాండ్ కొట్టండి, మూడింటిలోనూ అదే పేరు. లాగిన్‌లో వచ్చిన మొదటి టికెట్ ఉండి, సైట్ తెరిచాక కూడా ఆ సైట్ టికెట్ రాలేదంటే, బ్రౌజర్ సెట్టింగ్ సరిగ్గానే ఉంటే, ఆ సర్వీసు ఎస్‌పీఎన్ (SPN, డొమైన్‌లో సర్వీసుకు రాసిన పేరు) డొమైన్‌లో ఉందా, రెండు అకౌంట్ల మీద ఉందా అని చూడండి.